చక్రములపై ఇల్లు, చెట్టు క్రింద విడిది
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మనలో పలువురము బదిలీ ఉత్తరువు వచ్చినప్పుడెల్ల సామాను మూటగట్టుకొని ఊళ్లు మారినవారమే. ఇంటిని విడిచిపెట్టి సామాను తీసికొనిపోవుట మనకు అలవాటు. ఇంటినే చక్రముల మీదికెక్కించి విహారమునకు పోవు వాడుక అమెరికా దేశమున కలదు. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయ దలచితిని.

ఈ బండ్లను అచ్చటివారు ఆర్.వి. లందురు. ఇంజనుతో కూడి ఒకే బండిగా నుండునది మోటారు హోము. కారు వెనుక తగిలించి లాగుకొనిపోవునది ట్రైలరు. లోపల పడకలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానపు గది అమర్చియుండును. మంచినీటికొక తొట్టి, వాడిన నీటికొక తొట్టి, మరుగుదొడ్డి మలినమునకు వేరొక తొట్టి ఉండును. తొట్ల ప్రసంగము విహారకథకు శోభనీయదని మీరనుకొనవచ్చును. కాని ఇంటిని ఎంత దూరము నడిపించినను, మురుగును ఎచ్చటనో ఒకచోట దింపక తప్పదు. ఆ చోటును ఎవరు ఏర్పరచిరి, ఎవరు కాపాడుచున్నారు అనునదే నేటి నా విషయము.

1872 మార్చి 1వ తేదీన యెల్లోస్టోను ప్రాంతమును జాతీయోద్యానవనముగా ప్రకటించిరి. ప్రపంచమున ఇట్టి వనములకు ఇదియే ఆద్యమని చెప్పుదురు. 1916 ఆగస్టు 25న ఇట్టి వనముల పాలనకై ప్రత్యేకశాఖ ఏర్పడినది. ఆ చట్టము శాఖపై రెండు భారములు మోపినది: నేటి ప్రజలు వనములను చూచి ఆనందింపవలెను, రేపటి ప్రజలకు అవి చెడకుండ దక్కవలెను. ఒక ఒరలో రెండు కత్తులను ఇమిడ్చినట్లే గదా!

1915లో యెల్లోస్టోనులోనికి మోటారు కార్లను అనుమతించిరి. నాటినుండి ఆ చిక్కు ముదిరినది. ఎవరికి తోచిన చెట్టు క్రింద వారు బండి నిలిపి గుడారము వేసిరి. కాలిఫోర్నియాలోని సెకోయా వృక్షములు 3,000 ఏండ్లు బ్రదుకగలవి. అంతటి మహావృక్షములకును వేళ్లు మాత్రము లోతునకు పోక, నేలకు దగ్గరగా పరచుకొనును. చక్రముల క్రింద, పాదముల క్రింద నేల గట్టిపడినచో వేళ్లకు గాలియు నీరును అందవు. చెట్టు ఆ దినముననే చావదు. విహారులు వెడలిపోయిన చాల యేండ్లకు ఎండును. కావున ఎవరును తమ తప్పును చూడలేరు.

ఆ తప్పును చూచినవాడు ఎమీలియో మైనికే. ఆయన ప్రభుత్వోద్యోగములో నున్న వృక్షవ్యాధి శాస్త్రజ్ఞుడు. 1932లో ఆయన విడిదుల ఏర్పాటునకు ఒక విధానమును వ్రాసి ఇచ్చెను. జనులను రావద్దనుట ఆయన ఉద్దేశము కాదు. బండి ఎచ్చట తిరుగవలెనో, ఎచ్చట నిలువవలెనో ముందే నిర్ణయింపుమనెను. ఒకవైపునకే సాగు వలయాకారపు బాట, దానినుండి ప్రతి కుటుంబమునకు చీలిన చిన్న దారి, చక్రములు దాటకుండ అంచున బండరాళ్లో దుంగలో, కదలని బల్ల, కదలని పొయ్యి, పొరుగువారి కంట పడకుండ నడుమ పొదలు: ఇంతియే ఆ విధానము. 1933 మొదలు 1942 వరకు పనిచేసిన యువజన పరిరక్షణదళము అనేక వనములలో ఈ తీరున విడిదులు నిర్మించెను. నేడు పెద్ద పెద్ద ఆర్.వి.లు నిలుచు చోట్లును చాలవరకు ఆ అచ్చులోనివే. మన ఫైళ్లలో నిదురించు నివేదికలన్నియు ఇట్టి భాగ్యమునకు నోచుకొనవు!

అచ్చటి నియమములును గమనింపదగినవి. ఈ వనముల విడిదులలో సాధారణముగా రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు నిశ్శబ్దము పాటింపవలెను. గ్లేషియరు వనములోని ప్రసిద్ధమైన కొండదారి నడిమిభాగమున 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు మించిన బండికి ప్రవేశము లేదు. యెల్లోస్టోనులోని ఫిషింగ్ బ్రిడ్జి విడిదిలో ఎలుగుబంట్ల భయముచేత గుడారములను నిషేధించిరి; గట్టి గోడలున్న బండ్లకే చోటు. ఆహారము బయట విడువరాదు. మనిషి తిండి మరగిన ఎలుగుబంటిని తుదకు చంపవలసి వచ్చును. అచ్చట స్థిరపడిన మన తెలుగు కుటుంబములును సెలవులలో ఈ బండ్లను అద్దెకు తీసికొని, పులిహోర కలుపుకొనుచు తిరుగుచున్నవి. ఆవకాయ జాడీయైనను ఎలుగుబంటి లెక్కలో ఆహారమేనని వారు మరువరాదు.

ఈ ఏర్పాటునకు పరీక్ష 2018 డిసెంబరు 22న వచ్చినది. నిధుల బిల్లు నెగ్గక, అచ్చటి కేంద్రప్రభుత్వ కార్యాలయములనేకము 35 దినములు స్తంభించినవి. చాల వనముల ద్వారములు తెరచియే యుండెను. సిబ్బందిలో అధికులు మాత్రము జీతములు లేక ఇండ్ల యొద్ద నుండిరి. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ వనమున మరుగుదొడ్లు నిండినవి, చెత్త పేరుకొన్నది. కొందరు దారి తప్పించి ఎడారి నేలపై బండ్లు నడిపిరి. ఏటికి కొలది అంగుళములు మాత్రమే పెరుగు జాషువా వృక్షములలో కొన్నింటిని నరికిరి. చుట్టుపట్ల పౌరులు స్వచ్ఛందముగా వచ్చి మరుగుదొడ్లు కడిగిరి. అయినను 2019 జనవరి 2న విడిదులు మూయక తప్పలేదు.

సోదరులారా, ఆ దినములలో కొండ లున్నవి, చెట్లున్నవి, బండ్లున్నవి. లేనిది పనివారు మాత్రమే. ప్రభుత్వోద్యోగి పని సక్రమముగా జరిగినన్నాళ్లు ఎవరి కంటను పడదు. అది ఆగిన వారము దినములకే అందరికి తెలియును. మన పనికి కృతజ్ఞత దొరకలేదని చింతించువారికి ఇంతకంటె ఊరట వేరొకటి లేదు.

మన దేశమునను ఈ విహారము మొదలైనది. 2021లో కేరళ ప్రభుత్వము దీనికై ఒక విధానమును ప్రకటించినది. బండ్లను కొనుటకు డబ్బున్న చాలును. విడిదికి మాత్రము మురుగు పోవు దారియు, కాపలావారికి నెలనెల జీతమును ముందుగా నేర్పడవలెను. ఇట్టి ప్రతిపాదన మనలో ఎవరి బల్లమీదికి వచ్చినను, బండి ఎంత అందమైనదో విచారించుటకు ముందు చెట్టు వేళ్లు ఎంతవరకు పరచుకొన్నవో విచారింతుముగాక. విహారమునకు పోవు కుటుంబములవారును, తాము దిగిన చోట తరువాత దిగువారొకరున్నారని తలచి చీపురు పట్టుదురుగాక.