చిన్న ఊరి పోలీస్ స్టేషన్

పోలీస్ స్టేషన్ అనగానే మనకు ఎస్సైగారే గుర్తొస్తారు. కానీ చిన్న పట్నంలో స్టేషన్ నడిచేది రైటర్ బల్ల దగ్గర. ఫిర్యాదు రాసుకునేదీ, ఎవరు ఏ డ్యూటీకి ఎన్నింటికి వెళ్లారో జనరల్ డైరీలో ఎక్కించేదీ అక్కడే.

కాగితం మీదున్న సిబ్బందిలో ఊళ్లో కనిపించేది కొందరే. ఒకరు గుమ్మంలో సెంట్రీ. ఒకరు కోర్టు డ్యూటీ. ఇంకొకరు సమన్లు పట్టుకుని పల్లెలు తిరగాలి. అనుమానాస్పద మరణమైతే పోస్టుమార్టం అయ్యేదాకా ఒకరు ఆస్పత్రిలో శవం దగ్గరే కాపలా. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, దానికి ఎస్కార్టు. పక్క మండలంలో జాతరో, మంత్రిగారి పర్యటనో పడిందంటే బందోబస్తుకు మరికొందరు. ఇక రాత్రి గస్తీకి మిగిలేది ఓ కానిస్టేబులు, ఓ హోంగార్డు. తెల్లవార్లూ తిరిగిన ఆ కానిస్టేబులే పొద్దున్న మన గోడు వినాలి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వారానికో సెలవును 2019లో ప్రకటించారు. మంచిదే. అయితే ఖాళీలు నింపకుండా సెలవిస్తే ఆ భారం పక్కవాడి మీదే పడుతుంది.

ఈ కొరత మాత్రం మన హక్కుకు అడ్డు కాకూడదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, ఎక్కడ జరిగినా మీరు వెళ్లిన స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకోవాలి. నోటితో చెప్పినా రాసుకుని, మీకు చదివి వినిపించాలి. విన్నాకే సంతకం పెట్టండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.