హార్మోనియం మీద పేరు లేదేం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లకు, మా తర్వాత వచ్చి ఆ బెంచీ విరగ్గొట్టినవాళ్లకు నమస్కారం.

పొద్దున్న ప్రార్థనలో హార్మోనియం విన్నారు కదా. మన చిన్నప్పటి హార్మోనియమే అది. నాలుగు నెలల కిందట సంఘం వాళ్లు దాన్ని విశాఖపట్నంలో నా షాపుకి పంపించారు. అప్పటికి తిత్తి నాలుగుచోట్ల చిరిగింది, లోపల ఎలుకలు కాపురం పెట్టాయి. తిత్తి కొత్తది వేశాను. రీడ్లన్నీ తీసి తుడిచి శ్రుతి చేశాను. మూడు రీడ్లు విరిగిపోతే గుజరాత్‌లోని పాలితానా నుంచి వచ్చేవి వేశాను. ముందు పలక మీద ఉండాల్సిన ఇత్తడి పేరుబిళ్ల మాత్రం లేదు. ఎప్పుడు ఊడిపోయిందో, ఎవరు ఊడదీశారో మరి, రెండు మేకుల కన్నాలే మిగిలాయి.

సంఘంలో ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. “ఒరేయ్, ముందు బోసిగా ఉందిరా. కలకత్తా ద్వార్కిన్ అని ఒక బిళ్ల చేయించి కొట్టెయ్. ఫొటోల్లో దర్జాగా ఉంటుంది” అన్నాడు. ద్వార్కిన్ అంటే ద్వారకానాథ్ ఘోష్ పెట్టిన కంపెనీ. 19వ శతాబ్దం చివర్లో, చేత్తో తిత్తి ఊదే హార్మోనియాన్ని మన దేశానికి అలవాటు చేసినవాళ్లు. మనది వాళ్లదే కావచ్చు, కాకపోవచ్చు. లోపలంతా వెతికాను, ఏ గుర్తూ దొరకలేదు. అందుకని బిళ్ల కొట్టలేదు. పొద్దున్నుంచి ఆరుగురు అడిగారు, “పేరు లేదేం?” అని. నన్ను మాట్లాడమన్నది “వృత్తిలో నా అనుభవాలు” గురించి. ఇచ్చిన పదిహేను నిమిషాలూ ఈ బిళ్ల మీదే ఖర్చు పెడతాను, క్షమించాలి.

నా చేతిరాత సంగతి ఈ బడిలో కొందరికి బాగా తెలుసు. గోడల మీది చార్టుల్లో అక్షరాలు నావే. మా డ్రాయింగ్ మాస్టారు ప్రతి చార్టు కిందా నా పేరు రాయించేవారు. ఆయనకు తెలియని పని ఇంకొకటి చేసేవాణ్ని. తొమ్మిదో తరగతిలో ప్రోగ్రెస్ కార్డుల మీద తండ్రుల సంతకాలు పెట్టేవాణ్ని. సంతకానికి ఒక కొబ్బరుండ తీసుకునేవాణ్ని. దొరకలేదు. నాచేత సంతకాలు పెట్టించుకున్నవాళ్లలో ఒకరు ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, కాబట్టి పేరు చెప్పను.

ఆ చెయ్యే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చింది. వయొలిన్లు, గిటార్లు, వీణలు బాగు చేస్తాను. అందులో పేర్ల గొడవ ఎంత పాతదో మొదట వయొలిన్ చెబుతుంది.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరారు. ఆయన ప్రభావం వల్ల మన వైపు చాలా పాత ఇళ్లల్లో అటక మీద ఒక వయొలిన్ పెట్టె ఉంటుంది. నెలకొకరైనా నాకు ఫోన్ చేస్తారు. “మా తాతగారి వయొలిన్ అండి. లోపల స్ట్రాడివేరియస్ అని ఉంది, 1721 అని కూడా ఉంది. కోట్లు చేస్తుందిట కదా?” గొంతులో ఆశ తెలుస్తూనే ఉంటుంది. తీసుకురమ్మంటాను. ఎఫ్ ఆకారపు కన్నంలోంచి లైటు వేసి చూస్తే లోపల లాటిన్ అక్షరాల చీటీ ఉంటుంది, దాని కిందే చిన్న అక్షరాలతో ‘మేడ్ ఇన్ జర్మనీ’. స్ట్రాడివారి ఇటలీలో క్రెమోనా ఊరివాడు, 1737లో పోయాడు. జర్మనీలో చేయించుకున్నాడేమో అని ఒకసారి హాస్యమాడాను. ఎదుటి మనిషి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంకెప్పుడూ ఆ హాస్యం ఆడలేదు.

నిజానికి ఆ చీటీలు అంటించినవాళ్లందరూ మోసగాళ్లు కారు. జర్మనీలో మార్క్‌నాయ్‌కిర్షెన్, మిటెన్‌వాల్డ్, ఫ్రాన్స్‌లో మిర్‌కూర్ అనే ఊళ్లల్లో 19వ శతాబ్దంలో లక్షల వయొలిన్లు తయారయ్యాయి. ఫలానా పెద్దాయన నమూనాలో చేశాం అన్న అర్థంతో ఆ చీటీ వేసేవారు. కేటలాగులో ధర చూస్తేనే కొనేవాడికి తెలిసిపోయేది, ఇది స్ట్రాడివారి చేతిది కాదని. ఏ దేశంలో చేశారో సరుకు మీద వెయ్యాలన్న చట్టాలు ఇంగ్లండులో 1887లో, అమెరికాలో 1890లో వచ్చాయి. ‘మేడ్ ఇన్ జర్మనీ’ ఆ చలవే. కాని కేటలాగు చిరిగిపోయింది. కొన్న తాతగారు పోయారు. చీటీ మాత్రం వయొలిన్ కడుపులో అలాగే ఉంది. మనవడి దగ్గరికి వచ్చేసరికి నమూనా అన్న మాట ఎగిరిపోయి పేరొక్కటే మిగిలింది.

నకలు చెయ్యడం తప్పని నేననను. మా పనే నకలుతో మొదలవుతుంది. పారిస్‌లో వియోమ్ అని గొప్ప పనివాడుండేవాడు. పగనీని తన గ్వార్నేరి వయొలిన్‌ని బాగు చేయమని ఇస్తే ఆయన దానికి నకలు చేశాడనీ, రెండూ పక్కపక్కన పెడితే తనది ఏదో పగనీని కూడా వెంటనే చెప్పలేకపోయాడనీ మా వృత్తిలో ఒక కథ చెప్పుకుంటారు. ఆ నకలు తర్వాత పగనీని శిష్యుడు సివోరికి చేరింది. ఇవాళ అసలుదీ నకలూ రెండూ ఇటలీలోని జెనోవా నగరంలోనే ఉన్నాయి. నకలుని నకలుగానే, సివోరి వయొలిన్ అన్న పేరుతో భద్రంగా చూసుకుంటారు. పక్కదాని పేరు దానికి అక్కర్లేకపోయింది.

ఇక నా సంగతి. ఇది ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు.

1994లో అనుకుంటాను, లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే ఒకాయన వచ్చారు. దగ్గర ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. ఆకారం ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్‌ది, తల మీద మాత్రం ఏ పేరూ లేదు. “స్టేజీ మీద జనం తల వైపే చూస్తారండి. పేరుంటే ఆర్గనైజర్ పేమెంటులో ఒక వంద ఎక్కువ వేస్తాడు. ఫెండర్ అని రాసిపెట్టండి” అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. రాత్రంతా వాయిస్తే వచ్చేది ఎంతో నాకు తెలుసు. పెద్ద కంపెనీ, దానికొచ్చే నష్టమేముంది అనుకున్నాను. ఇంకో నిజం కూడా ఉంది. ఆ అక్షరాలు చాలా అందమైనవి. ఫెండర్ రాతలో మొదటి అక్షరం అటు తిరిగినట్టు వంపుగా ఉంటుంది. అది రాయగలనా లేదా అని నా చెయ్యి దురద పెట్టింది.

ఫొటో చూసి గీశాను. పెళ్లికార్డులు వేసే ప్రెస్సులో బంగారు రంగుతో, నీళ్లలో నానబెట్టి అంటించే కాగితం మీద వేయించాను. అంటించి పైన నాలుగు పూతలు లాకర్ కొట్టి, ఆరాక నున్నగా రుద్దాను. వేలితో తడిమినా అంచు తెలియలేదు. మూడు వందలు తీసుకున్నాను. చివరి అక్షరం తోక మాత్రం కొంచెం పొడుగు పోయింది. బోర్డు మీద రాసినప్పుడూ నా తోకలు అంతే.

పన్నెండేళ్ల తర్వాత ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. తండ్రి జూట్ మిల్లులో పని. అబ్బాయి ఇంజినీరింగు మొదటి సంవత్సరం. పీఎఫ్ మీద అప్పు తీసి 38,000 పెట్టి గిటార్ కొన్నారట. “అసలు ఫెండర్, కొత్తదైతే దీనికి రెట్టింపు అన్నారండి. తీగలు బరబరలాడుతున్నాయి, చూడండి” అని పెట్టె తెరిచారు. తోక చూశాను. నోరు ఎండిపోయింది.

గిటార్ అసలుది కాదని చెప్పాను. అంతవరకు చెప్పాను. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇంత నీటుగా అంటించారంటే పని తెలిసినోడే చేసుంటాడు కదండీ. ఎవడు చేసుంటాడంటారు?” అని అడిగారు. “ఎవరో చేసుంటారండి” అన్నాను.

గిటార్ బాగు చేసి డబ్బు తీసుకోలేదు. నన్ను చాలా మంచివాడనుకుని దణ్ణం పెట్టి వెళ్లారు. డబ్బు తీసుకోలేదు కనక బిల్లు రాయలేదు, బిల్లు రాయలేదు కనక పేరూ అడ్రసూ నా పుస్తకంలో లేవు. తర్వాత మిల్లు వైపు రెండుసార్లు వెళ్లి వాకబు చేశాను. దొరకలేదు.

ఆర్కెస్ట్రా ఆయన మాత్రం దొరికారు. “నేను కాపీ అనే చెప్పి తొమ్మిది వేలకు ఇచ్చానండి” అన్నారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆయన దగ్గర కొన్నవాడు ఏమీ చెప్పకుండా అమ్మి ఉంటాడు. తర్వాతివాడు తల మీదిది చదివి వినిపించి ఉంటాడు. చేతులు మారుతున్నకొద్దీ మనుషుల మాట పోయింది, నా రాత ఉండిపోయింది.

అప్పట్నుంచి పేర్లు వెయ్యడం మానేశాను. చట్టం ప్రకారమూ అది నేరమే. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంలో దొంగ మార్కు వేసినవాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. కాని చట్టం చదివి మానలేదు. మానేశాక నష్టపోయాను కూడా. కుర్రాళ్లు “అంకుల్, జస్ట్ స్టిక్కరే కదా” అని నవ్వి ఇంకో షాపుకి వెళ్తారు. కొరియర్లో ఇంటికే వస్తున్నాయి ఇప్పుడు. నేను మానినంత మాత్రాన ఆగిందేమీ లేదు.

ఆకారం సంగతి వేరు. స్ట్రాటోకాస్టర్ ఒంటి ఆకారం మీద హక్కు కావాలని ఫెండర్ కంపెనీ అడిగితే, ఇన్నేళ్లుగా అందరూ చేస్తున్న ఆకారం అది అని అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు 2009లో కాదంది. కాబట్టి ఆ వంపులు ఎవరైనా చెక్కుకోవచ్చు, పేరే వాళ్లది. ఆ కంపెనీకే ఒకప్పుడు ఇలాంటి ఇబ్బంది వచ్చింది. వాళ్ల మరో గిటార్‌కి బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెడితే, ఆ మాట మా డ్రమ్ములదని గ్రెచ్ అనే కంపెనీ అభ్యంతరం చెప్పింది. 1951లో కొన్నాళ్లపాటు ఫెండర్ వాళ్లు స్టిక్కర్లో ఆ మాటను కత్తిరించేసి, మిగిలిన ముక్కే అంటించి గిటార్లు పంపారు. తర్వాత టెలికాస్టర్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. ఆ కత్తెర పడ్డ గిటార్లను ఇవాళ నోకాస్టర్లంటారు. సేకరించేవాళ్లు వాటికోసం ఎగబడతారు.

చిక్కు ప్రశ్నలూ వస్తాయి. అసలు ఫెండరే ఒకటి వచ్చింది. తల విరిగితే అతికించి రంగు వెయ్యాల్సి వచ్చింది, దాంతో పేరు చెరిగిపోయింది. మళ్లీ వెయ్యాలా వద్దా? వారం రోజులు ఆలోచించి వేశాను. మెడ విప్పి, ఒంట్లోకి దూరే చివర పెన్సిల్‌తో రాశాను: పేరు తర్వాత వేసినది, వేసింది నేను, ఫలానా తేదీ అని. ఫెండర్ వాళ్లు తొలి రోజుల్లో సరిగ్గా అక్కడే పెన్సిల్‌తో తేదీ రాసేవారు. విప్పినవాడికి తెలుస్తుంది. విప్పనివాడి మాటేమిటని మీరు అడగొచ్చు. నా దగ్గర జవాబు లేదు.

ఇదంతా విదేశీ కంపెనీల బాధ అనుకోకండి. మనకు దగ్గర్లో బొబ్బిలి పక్కన గొల్లపల్లి ఉంది. ఒకే పనస దుంగలోంచి వీణంతా తొలిచే ఊరు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఎక్కడో అతుకుల వీణ చేసి, దానిమీద బొబ్బిలి అని చెక్కి అమ్మితే నష్టపోయేది ఎవరు? రోజంతా పనస పొట్టులో కూర్చునే మనిషి. అలాంటి వీణ ఒకటి రిపేరుకొచ్చినప్పుడు నాకు కోపంతో చేతులు వణికాయి. ఆ రాత్రి పడుకున్నాక ఆ గిటార్ తోక గుర్తొచ్చింది.

ఇవాళ ఇది చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఈ సంచిక చాలామంది ఇళ్లకు వెళ్తుంది. మన పూర్వ విద్యార్థుల్లో జూట్ మిల్లుల కుటుంబాలవాళ్లు ఎందరో ఉన్నారు. 2006 ప్రాంతంలో ఇలాంటి గిటార్ కొన్న తండ్రీ కొడుకూ మీలో ఎవరికైనా తెలిస్తే, సంఘం కార్యదర్శి గారికి ఒక మాట చెప్పండి. నేను వెళ్లి మాట్లాడతాను. గుర్తు చెప్పాను కదా, చివరి అక్షరం తోక పొడుగు.

ఇక మన హార్మోనియం. ఆ రెండు కన్నాలూ పూడ్చకుండా అలాగే ఉంచాను. వెనక పలక తీస్తే లోపల ఒక చిన్న కాగితం కనిపిస్తుంది. తిత్తి ఎప్పుడు మార్చానో, ఏ మూడు రీడ్లు కొత్తవో, చేసిందెవరో దానిమీద ఉంది. ఇంకో ముప్పై ఏళ్లకు తిత్తి మళ్లీ చిరుగుతుంది. అప్పుడు విప్పేవాళ్లకోసం దాని కింద కొంచెం చోటు వదిలాను.

సెలవు.