ముగ్గు పోసే ముందే మరుగుదొడ్డి గుంత సంగతి తేల్చుకోండి

(ఇందిరమ్మ ఇల్లు మంజూరైన లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సమావేశానికి రాలేకపోయిన వారి కోసం)



మంజూరు పత్రం చేతికొచ్చింది. ఇక ఇంట్లో నడిచే ముచ్చట ఏమిటో నాకు తెలుసు. దర్వాజ ఏ కట్టెతో చేయించాలి, టైల్స్ ఏ రంగువి, పూజ గది ఎటు పక్కన. మరుగుదొడ్డి గుంత సంగతి అడిగితే మాత్రం "అది మేస్త్రీ చూసుకుంటడు సార్" అంటారు. చూసుకుంటాడు, నిజమే. స్లాబ్ పడ్డాక, మిగిలిన సిమెంటుతో, మిగిలిన జాగాలో చూసుకుంటాడు.

ఆ మిగిలిన జాగాలో ఆయన చేసే పని ఏమిటంటే, ఒకే ఒక్క గుంత తీసి 12 అడుగులో 15 అడుగులో సిమెంటు రింగులు దించడం. అడుగున ఏమీ ఉండదు. పైన మూత. "సెప్టిక్ ట్యాంకు అయిపోయింది, 20 ఏండ్లు నిండదు" అని భరోసా ఇస్తాడు. మీరూ సంతోషిస్తారు. అక్కడే ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇంటిల్లిపాదీ రోజూ వాడుతుంటే ఆ ట్యాంకు ఎందుకు నిండడం లేదు? లోపలికి పోయింది ఎటు పోతోంది? నేలలోకి పోతోంది. గుంత లోతుగా ఉంది కాబట్టి నేరుగా భూగర్భ నీటి దగ్గరికే పోతోంది. అది సెప్టిక్ ట్యాంకు కాదు, పేరు అలా పడిపోయిందంతే.

ఇప్పుడు వాస్తు సంగతికి వస్తాను. వాస్తు వద్దని చెప్పడానికి రాలేదు, కోపం తెచ్చుకోకండి. మనవాళ్లు బోరు ఈశాన్యంలో వేస్తారు, మరుగుదొడ్డి గుంత వాయవ్యంలో తీస్తారు. 100 గజాల జాగా అనుకోండి, 30 అడుగులకు 30 అడుగులు. ఈశాన్యం మూల నుంచి వాయవ్యం మూలకు ఎంత దూరం? 30 అడుగులు కూడా ఉండదు. గుంతకూ తాగునీటి బావికీ, బోరుకీ మధ్య 10 మీటర్లు, అంటే 33 అడుగులు ఉంటే నిశ్చింత. అంటే మీ జాగాలోనే లెక్క కుదరడం లేదు. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మీకు పడమటి పక్కన ఉన్నవాళ్లు కూడా బోరు వాళ్ల ఈశాన్యంలోనే వేసుకుంటారు కదా. వాళ్ల ఈశాన్యం మూల, మీ వాయవ్యం మూల ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. మీ గుంత పక్కనే వాళ్ల బోరు! మీకు తూర్పు పక్కన ఉన్నవాళ్ల గుంత పక్కన మీ బోరు! కాలనీలో వరుసగా అందరూ వాస్తు ప్రకారమే కట్టుకుంటే వరుసంతా ఇదే కథ. అందుకే మీ గుంత కొలిచేటప్పుడు పక్కింటి బోరు నుంచి కూడా టేపు పట్టాలి. ఈ మాట ఏ మేస్త్రీ చెప్పడు.

నేల మెత్తటి మన్నై, వానాకాలంలో కూడా నీళ్లు గుంత అడుగుకు 2 మీటర్ల కిందే ఉంటే 3 మీటర్ల దూరం, అంటే 10 అడుగులు చాలు. అయితే మన దగ్గర చాలా చోట్ల కింద రాయి. రాతి పగుళ్లలో మురికి నీళ్లు వడకట్టుకోకుండానే చాలా దూరం పోతాయి. కాబట్టి ఎంత వీలైతే అంత దూరం పెట్టండి. మిషన్ భగీరథ నల్లా సక్రమంగా వస్తుంటే చిన్న జాగాలో బోరే మానుకోవచ్చు, ఆ డబ్బూ మిగులుతుంది.

మరి ఏది కట్టుకోవాలి? మీలో ఎక్కువ మందికి నేను చెప్పేది రెండు గుంతల మరుగుదొడ్డి. ఒక్కో గుంత మీటరు వెడల్పు, మీటరు పైచిలుకు లోతు. ఐదారుగురున్న ఇంటికి ఒక గుంత సుమారు మూడేళ్లు వస్తుంది. "ఇంత చిన్నదా సార్?" అని ఎప్పుడూ అడుగుతారు. చిన్నగా, పైపైన ఉండడమే దాని బలం. పై మట్టిలో సూక్ష్మజీవులు ఎక్కువ, నీళ్లు మెల్లగా ఇంకుతూ శుభ్రపడతాయి, మలం అక్కడే కుళ్లి మన్నవుతుంది. గోడ ఇటుకలను మధ్య మధ్య సందులు వదిలి కట్టాలి, తేనెపట్టులాగా. పై వరుసలు మాత్రం సందు లేకుండా కట్టాలి, లేకపోతే వాన నీళ్లు దిగుతాయి. రింగులే వాడతామంటే బెజ్జాలున్న రింగులు తెమ్మనండి. రెండు గుంతల మధ్య కనీసం మీటరు ఎడం ఉండాలి. గ్యాసు మట్టిలోకే పోతుంది కాబట్టి పైకి గొట్టం పెట్టాల్సిన పని లేదు.

అసలు కీలకం ముందుండే చాంబర్‌లో ఉంది. అక్కడ పైపు రెండుగా చీలుతుంది. ఒక దారి మూసి ఒక్క గుంతనే వాడాలి. అది నిండాక దాన్ని మూసి రెండోది తెరవాలి. మొదటి గుంతను కనీసం ఏడాదిన్నర ముట్టుకోవద్దు, రెండేళ్లైతే ఇంకా మేలు. నేను తనిఖీకి వెళ్లిన చాలా చోట్ల రెండు దారులూ తెరిచే ఉన్నాయి. రెండు గుంతలూ ఒకేసారి నిండాయి. ఇక రెండు కట్టి ఏం లాభం?

తర్వాత ఆ గుంతలో దొరికేది వాసన లేని పొడి ఎరువు. నమ్మరని తెలుసు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లికి కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వచ్చారు. ఐఏఎస్ అధికారి. తానే గుంతలోకి దిగి ఎరువు తీసి చూపించారు. మన గడ్డ మీదే జరిగింది.

నేలను బట్టి కొన్ని మార్పులు ఉంటాయి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, గోడను నలిపేస్తుంది. అక్కడ గుంత గోడకు బయట చుట్టూ అడుగు మందం ఇసుకో కంకరో నింపాలి. పగుళ్ల రాయి ఉన్నచోట అడుగు మూసేసి, చుట్టూ అర మీటరు సన్న ఇసుక పోయాలి. చెరువు కింద, వానాకాలంలో నీళ్లు పైకి వచ్చే చోట గుంతను నేల కంటే ఎత్తులో కట్టి చుట్టూ మట్టి కట్ట వేయాలి. స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు ఈ గుంతలోకి వదలొద్దు, వాటికి వేరే ఇంకుడుగుంత తీయండి. యాసిడ్, ఫినాయిల్ కూడా పోయొద్దు, లోపల పనిచేసే సూక్ష్మజీవులు చస్తాయి.

నేల అస్సలు నీళ్లు పీల్చకపోతే, లేదా గుంతలకు జాగా కుదరకపోతే సెప్టిక్ ట్యాంకు కట్టుకోండి. అయితే నిజమైన సెప్టిక్ ట్యాంకు కట్టండి. అడుగుతో సహా చుక్క కారకుండా ప్లాస్టరింగ్, లోపల రెండు గదులు, రెండింటికీ తీసేందుకు వీలైన మూతలు, ఇంటి పైకప్పు దాటిన గాలి గొట్టం ఉండాలి. ఐదుగురికి పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 0.75, నీటి లోతు 1 మీటరు చాలు. గది అంత కట్టాల్సిన పని లేదు. ట్యాంకు సగం పనే చేస్తుంది. బయటికొచ్చే నీళ్లు ఇంకా మురికివే. వాటిని మోరీలోకి వదిలితే మీ పిల్లలు ఆడుకునే వీధిలోకే వదిలినట్టు. ఇంకుడుగుంత తప్పనిసరి. రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకులు, బయో ట్యాంకులు అమ్మేవాళ్లు వస్తే వాళ్లను కూడా అదే అడగండి: "బయటికొచ్చే నీళ్లు ఎటు పంపాలి?" సరైన జవాబు చెప్పనివాడి దగ్గర కొనొద్దు.

ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. ఇక్కడ నా సొంత బుద్ధితక్కువ పని చెప్తాను. నా ఇల్లు కట్టినప్పుడు ట్యాంకు పెరటి వైపు పెట్టించి, పైన గిన్నెలు తోముకునే గచ్చు పోయించాను, టైల్స్ కూడా వేయించాను. ఇంజనీరునే! తొమ్మిదో ఏట దసరాకు ముందు రోజు, ఇల్లంతా చుట్టాలుండగా, దొడ్డి నుంచి వెనక్కి తన్నింది. మూత ఎక్కడుందో ఎవరికీ గుర్తు లేదు. టైల్స్ పగలగొట్టాం. ట్యాంకర్ వచ్చింది, సందులోకి పట్టలేదు, దాని పైపు పెరటి దాకా అందలేదు. అప్పుడు ఒకాయన వచ్చి "అన్నా, ఇద్దరు పిల్లల్ని దింపుతా, గంటలో అయిపోతది" అన్నాడు. మా ఇంట్లో వాళ్లు సరే అనబోయారు. నేనూ ఒక నిమిషం తటపటాయించాను, దాచుకోవడం ఎందుకు.

ఆ నిమిషంలోనే మనుషులు చనిపోతారు. లోపల విషవాయువు ఉంటుంది, దిగినవాడు అరవడానికి కూడా టైం ఉండదు. కాపాడదామని దిగినవాడూ పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మేమైతే దూరంలో ఉన్న పెద్ద పైపు ట్యాంకర్ దొరికే దాకా రెండు రోజులు చుట్టాలను పక్కింటికి పంపించాం. మీ ఊళ్లో ఎవరైనా మనిషిని దింపుతుంటే 14420కి ఫోన్ చేయండి. సెప్టిక్ ట్యాంకు కట్టేవాళ్లు ట్యాంకర్ వచ్చే దారి వైపే కట్టండి, మూతలు పైకి కనిపించనివ్వండి.

డబ్బు సంగతి. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు పని దశలను బట్టి పడతాయి, ఇంట్లో వంటగది, మరుగుదొడ్డి ఉండాల్సిందే. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ కింద అర్హులైన కుటుంబానికి మరుగుదొడ్డికి 12,000 రూపాయల ప్రోత్సాహకం ఉంది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, చిన్న, సన్నకారు రైతులు, ఇంటి జాగా ఉన్న భూమిలేని కూలీలు, దివ్యాంగులు, ఆడవాళ్లే ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాలు అర్హులు. మీ విషయంలో ఇది ఎలా కలుస్తుందో, ఇంతకుముందే ఆ ఇంటి పేరు మీద డబ్బు తీసుకున్నట్టు నమోదై ఉందో లేదో పంచాయతీ కార్యదర్శిని ముందే అడిగి తెలుసుకోండి. గుంత తీసేటప్పుడు, గోడ లేచాక, మూత వేశాక ఫోటోలు తీసి పెట్టుకోండి. పూడ్చేశాక లోపల ఏముందో ఎవరూ చూడలేరు.

ముగ్గు పోసే రోజు మేస్త్రీతో పాటు ఒక టేపు, కొంచెం ఎక్కువ ముగ్గు పిండి తెచ్చుకోండి. ఇంటి గీతలు గీశాక, మీ బోరు నుంచి, పక్కింటి బోరు నుంచి కొలిచి, ఆ రెండు గుండ్రాలు కూడా అప్పుడే గీయించండి.