బీరువా తాళం తియ్యండి
(మార్చి 8న ఒక కాలేజీ లైబ్రరీలో స్త్రీల చరిత్ర పుస్తకాల ప్రదర్శన దగ్గర చేసిన ప్రసంగం)

 

బల్లల మీద పుస్తకాలు పరిచి మమ్మల్ని పిలిచారు, సంతోషం. పొద్దున్నే వచ్చి ఒక్కొక్కటీ తిరగేశాం. రాణీ రుద్రమ ఉంది, ఝాన్సీ లక్ష్మీబాయి ఉంది. ఉండాల్సిందే. మరి నాట్లేసే మా అమ్మలేరీ? అడిగితే, ఆ పుస్తకాలు లోపల బీరువాలో ఉన్నాయన్నారు. తాళంచెవి ఉన్నాయన సెలవట! గంటసేపు కూచుని తీయించాం.

1848లో పూణేలో ఆడపిల్లల బడిలో సావిత్రిబాయి ఫూలే పాఠం చెప్పింది. దారిలో ఆమె మీద పేడ కొట్టిన సంగతి మనకు తెలుసు. ఫూలేల బడిలో చదివిన పిల్ల సంగతే తెలీదు. ముక్తా సాళ్వే. మాంగు కులం, అంటే మన దగ్గర మాదిగల లాంటి కులం. 1855లో, పద్నాలుగేళ్ళ పిల్ల, మాంగు మహర్ల కష్టాల మీద వ్యాసం రాస్తే 'జ్ఞానోదయ' పత్రిక అచ్చేసింది. వేదాలు మీవే అంటున్నారు కదా, మరి మా పుస్తకమేదీ అని నిలదీసింది. నెత్తి మీద కప్పు లేక వానలో తడుస్తూ కనే ఆడవాళ్ళ గోస రాసింది. ఏ పండితుడు రాశాడండీ ఆ మాట?

మన తెలుగులోనూ ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడ్డ ఆడవాళ్ళ నోటి మాటల్నే పుస్తకం చేసి, 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రాతలు ఒక్కచోట. ఎనభై ఏళ్ళ రాతలు! దళిత ఆడది రాసిందెప్పుడు అని వెక్కిరించేవాళ్ళ చేతిలో ఇది పెట్టండి. 2011లో ఆమే సదాలక్ష్మి గారి బతుకుకథ 'నేనే బలాన్ని' రాసింది. సదాలక్ష్మి గారు మంత్రిగా చేసింది, అసెంబ్లీ డిప్యూటీ స్పీకరుగా చేసింది. ఈ కాలేజీలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? చేతులెత్తమంటే ఇందాక ముగ్గురెత్తారు.

కాలేజీ పెద్దలకు మా మాట ఒక్కటే. ఇది ఒక్కనాటి బొమ్మల కొలువు కావద్దు. హాస్టలు పిల్లలకు ఈ పుస్తకాలు ఇంటికివ్వండి.

చెల్లెళ్ళారా, తీసుకెళ్ళి అమ్మ దగ్గర కూచుని పైకి చదవండి. వింటూ వింటూ అమ్మ తన ముచ్చట ఎత్తుకుంటుంది. అప్పుడు పుస్తకం పక్కనపెట్టి నోటుబుక్కు తీయండి. ఊరు, ఏడాది, ఎంత కూలిచ్చారు, ఎవరు ఎదురు తిరిగారు, అన్నీ ఆమె మాటల్లోనే రాయండి. మాకు పంపితే ఈ పత్రికలో అచ్చేస్తాం. పేరు వద్దంటే పేరు లేకుండానే వేస్తాం.