కువైటు నాణెమును గుర్తించుట



గత వేసవిలో ఒకనాటి సాయంకాలము తిరువూరులోని మా యింటికి, పూర్వము నాయొద్ద చదువుకొనిన రైతొకడు వచ్చెను. అరుగుపై కూర్చుండి, కండువా చెంగు ముడి విప్పి, పసుపుపచ్చని నాణెమొకటి నా చేతిలో నుంచెను.

“మాష్టారూ! ఇది బంగారు దీనారట. కువైటునుండి వచ్చితినని చెప్పెడి యొకడు ఇట్టివి 40 తాకట్టు పెట్టి 60,000 రూపాయలు అప్పడుగుచున్నాడు. రేపుదయమున నిత్తునని మాట యిచ్చితిని. తమరొకమారు చూడుడు” అనెను.

మామిడితోటపై వచ్చిన ఆ సొమ్ము అతడు కుమార్తె వివాహమునకై దాచినదని నేనెరుగుదును. నేను నాణెముల పరీక్షకుడను గాను. అయినను అక్షరమును, అంకెను నిదానముగా చూచుట నా వృత్తి నాకు నేర్పినది. ఆ సాయంకాలము మేమిరువురము చూచిన క్రమమునే మీకు నివేదించెదను.

మొదట దేశమును చూడవలెను. నాణెమునకు ఒకవైపున తెరచాపల ఓడ గలదు. రెండవవైపున అరబ్బీ అక్షరములతోపాటు ఇంగ్లీషున ‘కువైటు’ అని యున్నది. కావున దేశము విషయమున ఆ మనుజుడు అబద్ధమాడలేదు.

పిదప అంకెను చూడవలెను. నడుమ నొక నిలువుగీతయు, దాని ప్రక్కన నొక చుక్కయు నుండెను. గీత ‘ఒకటి’ యనియు, చుక్క అలంకారమనియు అతడు చెప్పెనట. మోసమంతయు ఆ చుక్కలోనే యున్నది. అరబ్బుల వ్రాతలో చుక్కయే సున్న. గీతయు చుక్కయు కలిసి పది. మనము సున్న యనుకొను గుండ్రని గుర్తు వారికి ఐదు. అందుచే గుండ్రని గుర్తును చుక్కయు కలిసిన ఏబది. అక్షరములను కుడినుండి వ్రాసినను, అంకెలను వారు మనవలెనే ఎడమనుండి కుడికి వ్రాయుదురు. ఈ అంకెలను వారు ‘హిందూ అంకె’లనియే పిలుతురు. మన దేశమునుండి వెళ్లిన విద్యయే వేషము మార్చుకొని తిరిగివచ్చినప్పుడు మనమే గుర్తింపలేకున్నాము.

మూడవది, పది యేమి? పది ఫిల్సులు. వేయి ఫిల్సులు ఒక దీనారు. కువైటులో వాడుకనున్న నాణెములలో పెద్దది 100 ఫిల్సులదే. దీనారు కాగితపు నోటుగానే చెల్లును. మారకపు రేటు దినదినమును మారును. దీనారునకు 280 రూపాయలనుకొన్నచో, పది ఫిల్సులు 2 రూపాయల 80 పైసలు. 40 నాణెములును కలిసి 112 రూపాయలు. అదియైనను మన మారకపు దుకాణములు నోట్లు గైకొనునేగాని, సాధారణముగా విదేశపు చిల్లర గైకొనవు.

“అయస్కాంతమున కంటలేదు గదా, మాష్టారూ!” అని అతడు సందేహించెను. ఇత్తడియు అంటదు నాయనా అంటిని. ఆ పచ్చదనము రాగి, తుత్తునాగము, నికెలు కలిసిన లోహముది.

దీనారను పేరు వినినంతనే మనకు బంగారము తోచుటకు కారణము కలదు. శ్రీనాథుని చాటువులందు దీనార టంకములు వినబడును. ఆనాటివి బంగారు నాణెములే. నేటి కువైటు దీనారు 1961లో పుట్టినది. అంతకుముందు అచ్చట మన రూపాయయే చెల్లెడిది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫు దేశములకై ప్రత్యేకముగా రూపాయి నోట్లు వెలువరించెను. 1961లో 13⅓ రూపాయలకు ఒక దీనారు చొప్పున మార్చుకొనిరి. పేరు ప్రాచీనమైనంత మాత్రమున లోహము ప్రాచీనము గానేరదు.

ఓడ క్రింద రెండు సంవత్సరములుండును. 13తో గాని 14తో గాని ఆరంభమగునది హిజరీ. 19తో గాని 20తో గాని ఆరంభమగునది క్రీస్తుశకము. హిజరీ అంకెను జూపి ఆరువందల యేండ్ల నాటి నాణెమని యెవరైన చెప్పిన నమ్మకుడు. హిజరీ 1400 ఆరంభమైనది 1979 నవంబరులోనే.

రైతు చాలసేపు మౌనముగా నుండి, “మాట యిచ్చితిని గదా!” అనెను. “అసత్యము విని యిచ్చిన మాటకు నీవు బద్ధుడవు కావు. కంసాలి యొద్దకు కలిసి పోదమని యతనితో చెప్పుము” అంటిని. మరునాడట్లే చెప్పగా, ఆ మనుజుడు భోజనము చేసి వత్తునని వెళ్లి మరల రాలేదు.

కడప, గోదావరి సీమలనుండి కువైటునకు పోయి చెమటోడ్చి తిరిగివచ్చిన బిడ్డలు మనలో ననేకులు గలరు. వారు తెచ్చిన చిల్లరను జ్ఞాపకముగా దాచుకొనుడు. దానిపై అప్పు మాత్రమీయకుడు. ఎవరైన తాకట్టునకు దెచ్చినచో, సొమ్ము మూట విప్పుటకు ముందు దేశము, అంకె, చుక్క చూడుడు. సెలవు.