అరవై రోజుల ముందే ఆకలి వెయ్యాలి!



ఇవాళ్టికి ఆరు నెలల తరవాత మధ్యాహ్నం మీ పిల్లలకి సరిగ్గా ఎన్ని గంటలకి ఆకలేస్తుందో చెప్పగలరా? నవ్వకండి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో ఊరి దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ అని పెద్ద వినోదాల తోట ఉంది. 1971లో తెరిచారు. అందులో పేరున్న భోజనశాలల్లో టేబులు కావాలనుకునేవాళ్లు ఒకప్పుడు 180 రోజుల ముందునుంచే రాయించుకునేవారట. 2020లో కరోనా వల్ల మూసి మళ్లీ తెరిచాక దాన్ని 60 రోజులు చేశారు.

ఈ సంగతి నాకెలా తెలిసిందంటారా? మా పెద్దాడపడుచు గారి అమ్మాయి ఆ దేశంలోనే ఉంది. పిల్లలిద్దరికీ సిండరెల్లా కోటలో భోజనం చెయ్యాలని ముచ్చట. పాపం, అరవయ్యో రోజున తెల్లవారకముందే లేచి ఫోను పట్టుకు కూర్చుంది. ఒక్క టేబులూ మిగల్లేదు! "అత్తా, నేను ఆలస్యం చెయ్యలేదు, నిమిషం కూడా చెయ్యలేదు" అని నాతో మొరపెట్టుకుంది.

తరవాత విచారిస్తే తెలిసింది. డిస్నీ వారి సొంత బసల్లో దిగేవాళ్లు తాము వచ్చే రోజుకి అరవై రోజుల ముందు కూర్చుంటే, ఆ ఒక్క రోజుకే కాదు, ఉండబోయే రోజులకి, పది రోజుల దాకా, ఒకేసారి టేబుళ్లు రాయించుకోవచ్చు. మా అమ్మాయి బయట చవకగా దొరికిన బసలో దిగింది. ఆమెకి ఏ రోజుకా రోజే. అంటే అందరికీ అరవై అని చెబుతున్నా, కొందరికి డెబ్భై అన్నమాట! పైగా రాయించుకుని వెళ్లకపోతే చాలా చోట్ల మనిషికి పది డాలర్లు పట్టుకుంటారు. చంటిదానికి జ్వరమొస్తే ఆ లెక్క వేరు.

సరే, అమెరికా గొడవ మనకెందుకంటారేమో. ఆ అరవై రోజుల లెక్క మన గుమ్మంలోకీ వచ్చింది కదండీ! 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషను 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే మొదలవుతోంది. 2015 ఏప్రిల్ నుంచి మనకి నూట ఇరవై అలవాటు. అంతకుముందు రెండేళ్లు అరవయ్యే ఉండేది. మన రైల్వే వారు ఇలా పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు, మనం అలవాటు పడుతూ ఉంటాం.

ఈ మార్పు చదివి కూడా నేను బోల్తా పడ్డాను. మా పెద్దవాడు హైదరాబాదులో ఉద్యోగం, అమ్మాయి అక్కడే చదువు. సంక్రాంతికి ఇద్దరూ విజయనగరం రావాలి. పాత లెక్క బుర్రలో ఉండి 2025 సెప్టెంబరులో స్టేషనుకి వెళ్లి వరసలో నిలబడ్డాను. కౌంటరులో ఆయన "ఏటమ్మా, ఇంకా రెండు నెలలుంది కదా" అని నవ్వాడు. ఇంటికొచ్చి కాలెండరు మీద గుర్తు పెట్టుకున్నాను. జనవరి 13న రైలెక్కాలంటే నవంబరు 14, ఉదయం ఎనిమిది గంటలు. తీరా ఆ రోజున ఏం చేశాననుకున్నారు? టిఫిన్లు అయ్యాక వెళ్దాంలే అని పది గంటలకి వెళ్లాను. విశాఖ ఎక్స్‌ప్రెస్సులో వెయిటింగు లిస్టు వంద దాటిపోయింది. రెండిడ్డెన్లు తక్కువైనా ఇంట్లో ఎవరూ చచ్చిపోరు. ఆ బుద్ధి నాకు అప్పుడు లేకపోయింది.

అయినా అరవై రోజుల పద్ధతే మంచిదంటాను. 61 నుంచి 120 రోజుల ముందు కొన్న టిక్కెట్లలో దాదాపు 21 శాతం రద్దవుతున్నాయనీ, మరో నాలుగైదు శాతం మంది రద్దు చెయ్యకుండా అసలు రైలే ఎక్కడం లేదనీ రైల్వే శాఖ 2024లో చెప్పింది. ఇంటి ఖర్చు చూసుకునే మనకి నాలుగు నెలలు డబ్బు చిక్కుకుపోవడం బాధే. రెండు నెలల ముందైతే సెలవు దొరుకుతుందో లేదో, పరీక్షలు ఎప్పుడో కాస్త తెలుస్తుంది.

మరి మా ఇంట్లో పనిచేసే ఆమె మాట వినండి. ఆమెది పాలకొండ వైపు. కొడుకు చెన్నైలో తాపీ పనికి వెళ్లాడు. "పండక్కి టిక్కెట్టు తీశావా?" అని అడిగితే, "మేస్త్రీ ఎప్పుడొగ్గుతాడో ఆడికే తెల్దు. అరవై నాళ్ల ముందు నాకేటి తెలుస్తాదమ్మా?" అంది. ఆ అబ్బాయి జనరల్ పెట్టెలో నిలబడే వచ్చాడు. నూట ఇరవై చేసినా, అరవై చేసినా ఆ పెట్టెలో రద్దీ తగ్గలేదు. నాకు జవాబు దొరకలేదు. "కాఫీ తాగు" అన్నాను, అంతే.

ఫోనులో టిక్కెట్టు తీసుకునేవారికి మరో మాట. 2025 జులై నుంచి తత్కాల్ టిక్కెట్టుకి ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. మామూలు రిజర్వేషనుకి కూడా, మొదలయ్యే రోజున తొలి పదిహేను నిమిషాలు ఆధార్ కలిపిన ఖాతాలకే అని 2025 అక్టోబరు 1న పెట్టి, తరవాత ఆ సమయం పెంచారు. ఈ పని ఎనిమిది గంటలకి ఐదు నిమిషాలుందనగా మొదలుపెట్టేది కాదు. వారం ముందే పిల్లల చేత చేయించి పెట్టుకోండి. వందే భారత్ వంటి రైళ్లలో భోజనం కావాలో వద్దో కూడా టిక్కెట్టు కొనేటప్పుడే చెప్పాలి. వద్దంటే ఆ డబ్బు తగ్గుతుంది. మా వారు ఎప్పుడూ వద్దనే రాయిస్తారు, సంచీ మోసేది నేను కాబట్టి!

అన్నట్టు, మా అమ్మాయి సంగతి సగంలో ఆపాను. ఆ తోటలోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారట. ఆవ పెట్టిన పులిహోర డబ్బాలో సర్దుకుని, పిల్లల్ని కోట ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టి తినిపించింది. చిన్నది మాత్రం కోట కిటికీల వంక చూస్తూ, లోపల వాళ్లకి ఏం పెడుతున్నారని అడుగుతూనే ఉందట.