చుక్క ఎక్కడ పడాల?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



ఒక ఎండాకాలం మా గేరిలో బోరింగు చెడిపోయింది. పత్రికకు రాసి పంపినాము. వార్త వచ్చింది, కానీ మండలం పేరుతో వచ్చింది. ఆఫీసరు జీపులో ఊర్లోకి వచ్చి, రచ్చకట్ట కాడ కొళాయి తిప్పి చూసి, "నీళ్లు వస్తాండాయి కదా" అని వెళ్లిపోయినాడు. మా వార్త అబద్ధమయింది. మా బిందెలు ఖాళీగానే ఉన్నాయి. ఊరికీ గేరికీ మధ్య అర కిలోమీటరు దూరం. వార్తలో ఆ దూరం లేదు.

ఇంటర్‌నెట్‌లో కొత్త వార్తల వరసను కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పంపే పద్ధతి ఒకటుంది. పేరు ఆర్‌ఎస్‌ఎస్. నవ్వకండి, ఆ సంఘం కాదు! ప్రతి వార్తకూ అది జరిగిన చోటు అక్షాంశం, రేఖాంశం తగిలిస్తే జియో ఆర్‌ఎస్‌ఎస్ అంటారు. అప్పుడు వార్త పటం మీద చుక్కై కూర్చుంటుంది. అమెరికా భూగర్భ సర్వే వాళ్లు భూకంపాల వార్తలు ఇట్లాగే పంపినారు.

ఈ అంకెలు మనకూ కొత్త కాదు. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలయింది. 2016 నుంచి ఆ పథకం పనుల ఫొటోలకు ఈ అంకెలే తగిలించి 'భువన్' పటం ఎక్కించినారు. మన పనిని లెక్కగట్టిన అంకెలు మన కరువును చెప్పడానికి ఎందుకు పనికిరావు?

పద్ధతి చెప్తాము. ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. అనంతపురం పట్టణం 14.68, 77.60. తారుమారు చేస్తే చుక్క నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచుదీవుల్లో పడుతుంది. చుక్క తర్వాత రెండంకెలు రాస్తే తేడా కిలోమీటరు దాకా వస్తుంది, ఊరూ గేరీ ఒకటైపోతాయి. నాలుగంకెలు రాస్తే సుమారు పది మీటర్లలో బోరింగే దొరుకుతుంది. ఆఫీసులో కూర్చున్నోళ్లు మండల కేంద్రం అంకెలు వేసేస్తారు. కాబట్టి మన పిల్లలే బోరింగు పక్కన నిలబడి, ఫోనులో చూసి రాయాల. పక్కన గేరి పేరూ రాయాల. చుక్క పెడితే నీళ్లు రావు. కానీ ఆఫీసరు తప్పించుకునే దోవ మూసుకుపోతుంది.

ఒక్క జాగ్రత్త. అట్రాసిటీ కేసు పెట్టిన అక్క ఇంటికీ, సాక్షి ఇంటికీ ఈ చుక్క పెట్టొద్దు. మనం పెట్టిన చుక్కే పగవాడికి దోవ చూపిస్తుంది. అక్కడ జిల్లా పేరు చాలు.

కారంచేడు పేరు 1985లో, చుండూరు పేరు 1991లో దేశమంతా తెలిసింది. తెలిసేటప్పటికే మనవాళ్ల శవాలు లేచినాయి. మన గేరి పటం మీద కనపడాలంటే అంతదాకా ఆగాల్నా? బోరింగు చెడిన రోజే, శ్మశానం దోవ మూసిన రోజే కనపడాల. ఆ చుక్క పెట్టే చెయ్యి మనదై ఉండాల.

జై భీమ్!